గద్దలబండలో జనం ఉన్నారు

తొప్పూరు కనుమ దిగే లారీలకు ఒక వాసన ఉంది. బ్రేకులు కాలి, రబ్బరు కమిలి, మిట్టమధ్యాహ్నం ఎవరో పాత చెప్పును పొయ్యిలో వేసినట్టు ఉంటుంది. మొన్న సేలం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఆ వాసన గుప్పున ముక్కుకు తగిలింది. పక్క సీటులో ఒక పెద్దమనిషి. బెంగళూరు నుంచి వస్తున్నాడట. ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, కనుమకు ఎగువనున్న కొండను చూపించి, "ఎంత చోటు ఊరికే పడి ఉందో చూడండి, జనమే లేరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు ఒళ్ళు మండితే ఎలా ఉంటుందో మా కంబైనల్లూరులో అడగండి. అటక మీద మూటగట్టిన వేరుశనక్కాయలు వాటంతట అవే వేగిపోతాయి. "జనం ఉన్నారు సార్. పేర్లు చెప్పమంటారా?" అన్నాను. ఆయన పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, అటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే మాత్రం వదులుతానా? సేలం వచ్చేదాకా ఆ నిద్రపోయే చెవిలో చెబుతూనే ఉన్నాను. అయినా కోపం తీరలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. గోవిందమ్మ టీచరును మీరు చూసి ఉండరు. చూసి ఉంటే ఆ కొండ మీద జనం లేరనే మాట మీ నోట రాదు.

ముందు నా సంగతి చెప్పేస్తాను, తరువాత మోసం చేశానని అనకండి. నేను కోతలరాయుణ్ణి. కంబైనల్లూరు పక్కన మెట్ట సేద్యగాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాత తవ్వించిన బావి ఎంత లోతంటే, చేద జారి పడితే మూడోనాడు హొగెనకల్లు జలపాతంలో తేలిందనీ, అందులో రెండు చేపలు కూడా ఉన్నాయనీ చెబితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. బడిపంతులుకు ఇది పనికివచ్చే విద్యే. వాన కురవని నేలలో పిల్లల మీద ఏదో ఒకటి కురిపించాలి కదా. తొప్పూరు దగ్గరి పంచాయతీ బడికి నన్ను వేసేనాటికి నాకు ముప్పై అయిదేళ్ళు. ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్ గోవిందమ్మ టీచరు. అదియమాన్‌కోట్టై మనిషి. వాళ్ళదీ మాలాగే తెలుగిల్లు. పొట్టిగా, చామనచాయగా ఉండేది. కుడి మోకాలు కొంచెం ఈడుస్తూ నడిచేది. నాకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదని తెలిసిన రోజున, మధ్యాహ్నం అన్నాలు తినే వేళ పిల్లల పలక ఒకటి నా ముందు పెట్టి, "ఇంత అబద్ధమాడేవాడికి ఒక లిపి చాలదు, ఇంకొకటి నేర్చుకో" అన్నది. ఈ అక్షరాలు ఆమె పెట్టిన భిక్ష.

ఒకనాడు నేను పిల్లలకు జిల్లా భూగోళం చెబుతున్నాను. "మన ధర్మపురి జిల్లాకు తూర్పున పులులు, పడమట మొసళ్ళు, నడుమ మనం" అని ఊపు మీద ఉండగా ఆమె లోపలికి వచ్చింది. సుద్దముక్క అందుకుని, మోకాలు చాపుకుని నేల మీదే కూర్చుని గీతలు గీసింది. "ఇదీ కావేరి. పడమటి అంచున తగిలి పోతాది. మన జిల్లాను ముద్దు పెట్టుకుంటాది గాని కాపురం చెయ్యదు. ఇదీ మీ కంబైనల్లూరు దిక్కు దక్షిణ పెన్న ఏరు. దాంట్లో నీళ్ళకంటే ఇసుక ఎక్కువ. నడుమ అంతా రాగులు, ఉలవలు, చింతచెట్లు. అందుకే మనవాళ్ళు బెంగళూరు పోయి ఇటికలు మోస్తారు. నీళ్ళు యాడ నిలుస్తాయో చెప్తే, మనుషులు యాడ నిలుస్తారో తెలుస్తాది కిష్టప్పా. భూగోళమంటే అదీ." అని, తొప్పూరు కనుమ ఎగువన వేలు పెట్టి, "ఈ తావులో ఏముంది?" అని అడిగింది.

"ఏముంటాది టీచర్? కొండ."

"గద్దలబండ ఉంది" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు పిల్లల వరసలో ఒక ఖాళీ చోటు మీద ఉంది.

ఆ చోటు మునిగాడిది. తొమ్మిదేళ్ళవాడు. గద్దలబండ నుంచి మా బడికి ముగ్గురు పిల్లలు దిగి వచ్చేవాళ్ళు. కొండ దిగడం పెద్ద పని కాదు, మేకపిల్లల్లా దిగేస్తారు. దిగాక కనుమలో పెద్ద రోడ్డు దాటాలి. అక్కడ లారీలకు బ్రేకు ఉన్నా పిల్లలకు అదృష్టం ఉండాలి. అంతకుముందు వానాకాలంలో ఒక ఉదయం మునిగాడికి ఆ అదృష్టం లేకపోయింది. ఆనాటి నుంచి మిగిలిన ఇద్దరూ బడి మానేశారు. కొండ మీదనే ఒక చిన్న బడి పెట్టండి, ఒక్క గది చాలు, ఒక్క పంతులు చాలు అని గోవిందమ్మ టీచరు అర్జీ పెట్టింది. జవాబు వచ్చింది. ఆ కాగితం నేను చూశాను. దాంట్లో ఒక్కటే వాక్యం. ఆ స్థలంలో జనాభా లేదు గనుక బడి అవసరం లేదు. ఆమె ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, "జనమే లేని తావు నుంచి వచ్చి చచ్చినవాడు ఎవడయ్యా మరి?" అని అడిగింది. ఇప్పటికీ ఆ వాక్యం రాసిన చేతిని ఎదురుగా చూడాలని ఉంది నాకు. కొట్టడానికి కాదు. ఆ చేతిని పట్టుకుని, కొండ ఎక్కించి, ఒక్కొక్క గుమ్మం తాకించడానికి.

రెండువేల ఒకటిలో జనాభా లెక్కలు వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి మనుషులను రాసే పని ఎప్పటిలాగే బడిపంతుళ్ళ నెత్తిన పడింది. మా గుంపుకు ఆమె సూపర్వైజరు. కొండ వంతు నాకు వచ్చింది. వచ్చిందనడం తప్పు, ఆమె వేసింది. "గవర్మెంటు పదేండ్లకు ఒకసారి తలుపు కొడతాది. ఈసారి కొట్టే చెయ్యి నీది. వాళ్ళు లెక్కలో ఎక్కితే బడి అడగను నాకు నోరు ఉంటాది. ఎక్కకపోతే ఇంకొక పదేండ్లు పిల్లోళ్ళు ఆ రోడ్డు దాటాల. అర్థమైందా?" అన్నది. అర్థమైందని తల ఊపాను. సంచి భుజాన వేసుకుని బయలుదేరాను. కనుమ అడుగున టీకొట్టు దాకా వెళ్ళాను.

అక్కడ ఆగిపోయాను. ఎండ. పైగా బల్ల మీద ఎదురుగా ఫారెస్టు గార్డు ఒకడు. "యాడికి సార్? పైన ఏముంది? రెండు గుడిసెలు, నాలుగు మేకలు. మేకలను కూడా రాస్తారా?" అని నవ్వాడు. నా చోట వేరొకడుంటే సున్నా వేసి పోయేవాడు. నేను అట్లాంటివాణ్ణి కాను, దయగలవాణ్ణి. టీచరు జనం కావాలంటున్నది కదా, జనాన్ని ఇద్దాం అనుకున్నాను. రెండు టీలు, నాలుగు వడలు అయ్యేసరికి ఒక ఊరిని పుట్టించాను. మా పెదనాన్నలు, మేనమామలు, పెళ్ళిళ్ళలో చూసిన చుట్టాలు, అందరినీ ఆ కొండ ఎక్కించాను. పటం కూడా గీయాలి. గట్టి ఇంటికి చతురస్రం, గుడిసెకు త్రికోణం వెయ్యమని మాకు నేర్పారు. ఊహలో కట్టేటప్పుడు పిసినారితనం ఎందుకని అందరికీ చతురస్రాలే వేశాను. ఇటిక గోడలు, మంచి కప్పు. రేషను బియ్యం తప్ప అన్నీ ఇచ్చాను ఆ జనానికి.

గోవిందమ్మ టీచరు బడి అరుగు మీద కూర్చుని ఆ ఫారాలను ఒక్కొక్కటే చదివింది. నేను స్తంభానికి ఆనుకుని మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను. చివరి ఫారం తిప్పి, కళ్ళద్దాలు తీసింది.

"మంచి ఊరయ్యా ఇది."

"కష్టపడినాను టీచర్."

"ఈ ఊళ్ళో మొగుడు పోయిన ఆడది ఒక్కతె లేదు. కుంటిది లేదు, గుడ్డిది లేదు. బెంగళూరు పోయినవాడు లేడు. ప్రతివాడికీ చదువు వచ్చు. ఎవరికీ కట్టెల పొయ్యి లేదు. ఇంత సుఖమైన ఊరు మన జిల్లాలో ఉందని తెలియక అదియమాన్‌కోట్టైలో పడి ఉంటిని. పద, చూపించు. నేను కూడా ఆడనే కాపురం పెడతాను."

నేను నేల చూపులు చూశాను. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మునిగాడు నీ తరగతి వాడు కదా?" అన్నది. అంతే. నేను ఆ ఫారాలు చించబోతే ఆమె లాగేసుకుంది. ఆ ఫారాలకు నంబర్లు ఉంటాయి, చించెయ్యడానికి వీల్లేదు. అడ్డగీత కొట్టి, "రద్దు" అని రాసి, పైకి అప్పగించడానికి సంచిలో పెట్టింది. మరునాడు ఉదయం చేతికర్ర పట్టుకుని బయలుదేరింది, మోకాలు ఈడుస్తూ. వెనుక నేను.

కొండ సగానికి ఎక్కాక ఒక రాతి మీద కూర్చున్నాం. కింద రోడ్డు పాములా మెలికలు తిరిగి, లారీలు చీమల్లా కనిపిస్తున్నాయి. నేను గార్డును తిట్టడం మొదలుపెట్టాను. వాడే నన్ను చెడగొట్టాడన్నాను. ఆమె నీళ్ళు తాగి, సీసా మూత బిగిస్తూ, "పోయిన లెక్కల్లో ఈ కొండ నాది" అన్నది. నాకు మొదట అర్థం కాలేదు. "పదేండ్ల కింద. అదే టీకొట్టు. నాకప్పుడు మోకాలు కూడా బాగానే ఉండె. గార్డు అన్నాడు, పైన ఎవరూ లేరని. నేను నీ మాదిరి ఊరు కట్టలేదు, సున్నా వేస్తిని. ఒక్క సున్నా కిష్టప్పా. ఎంత సేపు పడతాది సున్నా వెయ్యను? మన అర్జీకి జవాబు రాసినవాడు ఎవడని తిడతా ఉంటివి కదా, వాడు ఏమి చూసి రాసినాడనుకుంటివి? నా సున్నాను చూసి రాసినాడు."

గాలి వీస్తున్నది. నేనేదో ఓదార్పు మాట అనబోయాను. "ఓదార్చొద్దు. లెయ్" అని కర్ర ఊని లేచింది. ఆమె కోపంలో సగం ఎవరి మీదో ఆనాడు తెలిసింది. మిగతా సగం మాత్రం నా మీదే, దాంట్లో అనుమానం లేదు.

గద్దలబండ ఉంది. నల్లటి బండ వాలులో, రెల్లు కప్పిన గుడిసెలు. అన్నీ త్రికోణాలే. ఒక్క చతురస్రం లేదు. మమ్మల్ని చూసి మొదట బయటికి వచ్చింది ముత్తక్క, మునిగాడి నాయనమ్మ. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టి. ఆమె ఇంటి నుంచే మొదలుపెట్టాను. "ఎంతమంది ఉన్నారు అవ్వా?" అంటే "నలుగురం సార్" అన్నది. పక్క ఇంట్లో "నలుగురం." ఆ పక్క ఇంట్లో వాకిట్లోనే ఆరుగురు పిల్లలు దొర్లుతున్నారు, "ఎంతమంది?" అంటే "నలుగురం." ఇదేమి ఊరు, నేను టీకొట్టులో పుట్టించిన ఊరికంటే వింతగా ఉందే అని తల గోక్కున్నాను. గోవిందమ్మ టీచరు నా మోచేతిని పొడిచింది. "తలలు నోటితో లెక్కపెడితే దిష్టి అంటారు. నువ్వు ఎంతమంది అని అడిగినంత కాలం నలుగురే. పేర్లు అడుగు."

పేర్లు అడిగితే పేర్లు వచ్చాయి. జవాబులు తమిళంలో వస్తున్నాయి గనుక మాతృభాష గడిలో తమిళం అని వేసుకుంటూ పోతున్నాను. ఆమె చూసి, "ఏమ్ ముత్తక్కా, నీ మనవరాలు పాలచట్టి తన్నేస్తే ఏ భాషలో తిడతావు?" అని అడిగింది. ముత్తక్క నడుం మీద చేతులు పెట్టుకుని నమూనా చూపించింది. అది నిఖార్సైన తెలుగు. ఇక్కడ రాయను, కాగితం అంటుకుంటుంది. ఆఫీసు నుంచి వచ్చినవాడితో తమిళమే మాట్లాడాలని వాళ్ళ లెక్క. నా ముఖం వాళ్ళకు ఆఫీసులా కనిపించిందంటే నాకు అదొక అవమానం.

సగం గుడిసెలకు తలుపు దగ్గర ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. తాళాలు కొనే ఊరు కాదది. "ఖాళీ ఇళ్ళు" అని రాయబోయాను. "ఆ కంప పచ్చిగా ఉందా, ఎండిందా చూసినావా?" అన్నది టీచరు. చూశాను. పచ్చిగానే ఉంది. నాలుగైదు రోజుల కిందట కొట్టిన కంప. మనుషులు ఇక్కడివాళ్ళే, బెంగళూరు కట్టడాల పనికి పోయారు. అక్కడ వాళ్ళను ఎవరు రాస్తారు? ఇసుక కుప్ప పక్కన పడుకునేవాడి తలుపు ఎవడు కొడతాడు, తలుపే లేనప్పుడు? అక్కడి మేడలు లెక్కలోకి ఎక్కుతాయి, మేడ కట్టినవాడు ఎక్కడా ఎక్కడు. అక్కడ అడిగితే "వాళ్ళు ధర్మపురివాళ్ళు" అంటారు, ఇక్కడ అడిగితే "వాళ్ళు బెంగళూరులో ఉన్నారు" అంటారు. రెండు రాష్ట్రాలు కలిసి ఒక మనిషిని మాయం చెయ్యడం నా కోతల్లో కూడా ఎప్పుడూ జరగలేదు.

"మాసి అమావాస్యకు రాండి, శివరాత్రి పోయినాక వచ్చేదానికి" అన్నది ముత్తక్క. "బండమ్మకు అంబలి పోసే దినం. ఆ పొద్దు రానివాడు ఉండడు. యాడున్నా వస్తాడు. లెక్కల గడువు ఉందా మీకు?" గడువు ఇంకా ఉంది.

వెళ్ళాం. కంపలన్నీ తీసి ఉన్నాయి. జుట్టులో సిమెంటు దుమ్ము వదలని మొగవాళ్ళు, ఆడవాళ్ళు, వాకిళ్ళ నిండా ఉన్నారు. బండమ్మ రాతి ముందు ఒక పెద్ద మట్టి కాగు పెట్టారు. ప్రతి ఇంటి పెద్దామె చేటలో రాగులు తెచ్చి, తన ఇంట్లో తలకు ఒక పిడికెడు చొప్పున ఆ కాగులో పోస్తుంది. నోటితో చెప్పకూడని లెక్కను చేత్తో దేవతకు అప్పజెబుతారన్నమాట. అది చూడగానే నా బుర్ర వెలిగింది. ఇల్లిల్లూ తిరిగే పని లేదు! ఒక పక్కన నిలబడి పిడికెళ్ళు లెక్కపెట్టుకున్నాను. మనం సెంట్రల్ గవర్మెంటు, వాళ్ళు బండమ్మ గవర్మెంటు, రెండు లెక్కలూ ఒకటే అని గంతేస్తూ టీచరు దగ్గరికి పోయాను.

"పిడికెళ్ళకు పేర్లు ఉన్నాయా?" అన్నది ఆమె.

మళ్ళీ ప్రతి గుమ్మం ఎక్కాం. ఒక్కొక్క పిడికిలికి పేరు అడిగాం. అప్పుడు బయటపడింది నా తెలివి. ఒక ఇంట్లో పెళ్ళయి వేరే ఊరికి పోయిన కూతురికి పిడికెడు. ఇంకొక ఇంట్లో అన్నిటికంటే మంచి పాలిచ్చే ఆవుకు పిడికెడు. ముత్తక్క ఇంట్లో ఏడు పిడికెళ్ళు. ఆమె, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. అయిదుగురు. "ఆరోది?" అంటే కోడలి కడుపు చూపించింది. "ఏడోది?" అని అడిగాను. నా నోరు పడిపోను, అడిగాను.

"మునిగాడిది" అన్నది ముత్తక్క. "వాడు పోయి ఏడాది తిరగలేదు. ఏడాది దాకా వాడి పిడికెడు తియ్యకూడదు." టీచరు ముందు కింద కూర్చుంది. "వాణ్ణి కూడా రాసుకోండి టీచరమ్మా. ఎవరికి తెలుస్తాది? బడి కోసరం పోయినోడు వాడే. బడి వచ్చే లెక్కలో వాడు లేకుంటే ఎట్ల?"

నేను కలం మూత తీశాను. నిజం చెబుతున్నాను, రాయబోయాను. ఒక ఊరు ఊరినే పుట్టించినవాణ్ణి, ఒక్క పిల్లవాణ్ణి రాయలేనా? గోవిందమ్మ టీచరు నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. ముత్తక్క పక్కన ఆమె కూడా నేల మీద కూర్చుంది. ఆ మోకాలితో అట్లా కూర్చోవడం ఎంత నొప్పో నాకు తెలుసు.

"రాయను ముత్తక్కా. లేనివాణ్ణి ఒక్కణ్ణి రాస్తే, వాళ్ళు ఉన్నవాళ్ళందరినీ లేనివాళ్ళు అంటారు. వాణ్ణి నువ్వు కాగులో వెయ్యి. ఆడ ఎవరూ కొట్టెయ్యలేరు. ఈ కాగితంలో మాత్రం నేను ఈ సారి అబద్ధం రాయను. ఒకసారి రాసినాను. దాని ఫలం నువ్వు తింటివి."

ఆ "ఒకసారి" అంటే ఏమిటో ముత్తక్క అడిగింది. టీచరు చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు. నేను తల తిప్పుకుని దూరంగా నిలబడ్డాను. ముత్తక్క తిడుతుందనుకున్నాను, ఆమె తిట్లు విన్నవాణ్ణి కదా. ఆమె లేచి లోపలికి వెళ్ళి, రెండు చిప్పల్లో అంబలి తెచ్చి మా ముందు పెట్టింది. పెట్టిన తీరు చూస్తే క్షమించినట్టు లేదు. ఆకలిగా ఉన్నవాళ్ళకు పెట్టినట్టు ఉంది. టీచరు ఆ అంబలి చివరి చుక్క దాకా తాగింది.

తరువాత ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను, పేరు పెడితే ఆ గోడలకు గర్వం వస్తుంది. అక్కడి అధికారి మా ఫారాలు తిప్పి, "ఈ ఊరు మా జాబితాలోనే లేదమ్మా. అది ఫారెస్టు స్థలం. అక్కడ మనుషులున్నారంటే మళ్ళీ వంద ప్రశ్నలు. వీళ్ళను కింది ఊళ్ళో కలిపేయండి. ఒక్కడు కూడా తగ్గడు కదా?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో! వెన్నలో కత్తి దిగినట్టు.

"మనుషులు తగ్గరు సార్, ఊరు పోతాది" అన్నది గోవిందమ్మ టీచరు. "బడి ఊరికి ఇస్తారు గాని విడి మనుషులకు ఇవ్వరు కదా."

అప్పుడాయన రద్దు చేసిన నా పాత ఫారాలు బయటికి తీశాడు. "మీ పంతులు ముందొక ఊరు రాశాడు, తరువాత ఇంకొక ఊరు రాశాడు. రెండిటిలో ఒక్క మనిషి కూడా కలవడం లేదు. ఏది నమ్మమంటారు? ఈయన కోతల సంగతి మా దాకా వచ్చింది." గదిలో నలుగురు నవ్వారు. నా జీవితంలో నా మాటకు జనం నవ్వగా సిగ్గుపడింది అప్పుడొక్కసారే.

"మొదటిది అబద్ధం సార్" అన్నాను. "టీకొట్టులో కూర్చుని రాసినాను. దానికి నన్ను ఏమైనా చెయ్యండి. రెండోది కొండ మీద రాసినాను. మీరు ఏ ఫారమైనా తియ్యండి, ఇంటి నంబరు చెప్పండి." ఆయన వేళాకోళంగా ఒకటి తీశాడు. నంబరు చెప్పాడు. నేను ఆ ఇంటివాళ్ళ పేర్లు, వయసులు, ఎవరు బెంగళూరులో ఎన్నో అంతస్తు నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడో చెప్పాను. ఇంకొకటి తీశాడు. చెప్పాను. మూడోది ముత్తక్కది. అయిదుగురినీ చెప్పి ఆగిపోయాను. ఆ తరువాత ఆయన నాలుగో ఫారం తీయలేదు.

టీచరు ఇంకొక కాగితం బల్ల మీద పెట్టింది. పదేళ్ళ కిందట తాను కొండ ఎక్కకుండా సున్నా వేశాననీ, అది తన తప్పనీ, కింద సంతకం. ఆమె రిటైరు కావడానికి అప్పటికి ఏడాదిన్నర కూడా లేదు. "ఇది ఎందుకమ్మా, మీకే ముప్పు" అన్నాడు ఆయన, ఈసారి నిజంగానే మెత్తగా. "జాబితాలో ఊరు ఎందుకు లేదని అడిగితిరి కదా సార్. ఇందుకే లేదు" అన్నది. నాకు ఒక మెమో వచ్చింది, ఆమెకు రెండు వచ్చాయి. లెక్కలు అచ్చయినప్పుడు గద్దలబండ ఒక పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ పేజీ నేను చూపిస్తే ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని, "అచ్చు తప్పులు లేవు కదా?" అని మాత్రం అన్నది.

బడి వెంటనే వచ్చిందనుకుంటున్నారా? కథ చెప్పేది నేనైనా, నడిపించేది గవర్మెంటు. ఫైలు కదిలేలోగా జిల్లాను రెండు ముక్కలు చేసి కృష్ణగిరిని వేరు చేశారు. కాగితాలు కట్టలు కట్టి పంచుకున్నారు. మా ఫైలు ఏ కట్టలో పడి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. కొండ మాత్రం కదలలేదు, ధర్మపురిలోనే ఉంది. కొండను తీసుకుపోవడం కష్టమని తెలిసి కాగితాన్ని తీసుకుపోయారు. రిటైరైన మనిషి, ఆ మోకాలితో, బస్సు దిగి బస్సెక్కి రెండు ఊళ్ళ ఆఫీసులూ తిరిగింది. ఒక చోట గుమాస్తా "ఇంకా ఎందుకమ్మా ఈ వయసులో" అంటే, "నా వయసు కూడా నీ ఫైల్లోనే ఉంది, వెతుకు" అన్నదట. చివరికి వచ్చింది బడి. ఒక గది, సిమెంటు రేకు, ఒక పంతులు. ఆ పంతులు పని నాకు ఇమ్మని నేనే రాసి ఇచ్చాను. జీతం పెరగదు, కొండ ఎక్కాలి, పిచ్చా అని అడిగారు. అవునన్నాను. బడి తెరిచిన రోజున ఆమె కొండ ఎక్కలేకపోయింది. ముత్తక్క రెండు కట్టెలకు కుర్చీ కట్టించి మనుషులను కిందికి పంపింది, ఈమె మోయించుకోనన్నది. ఆ మరుసటి ఏడు పోయింది.

ఇప్పటికీ నేను బావిలో చేద కథ చెబుతాను. చేపలు రెండు కాస్తా ఇప్పుడు ఏడయ్యాయి, వాటిలో ఒకదానికి మీసాలు. పిల్లలు నవ్వుతారు. పోయిన నెలలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. వగరుస్తూ కొండ ఎక్కి, హాజరు పట్టీ తిప్పి, అయిదు పేర్ల మీద వేలు పెట్టాడు. తల్లిదండ్రుల వెంట బెంగళూరు పోయిన పిల్లలు. "రెండు నెలలుగా ఈ అయిదుగురూ లేరు. పేర్లు కొట్టెయ్యండి పంతులుగారూ" అని తన కలం నాకు అందించాడు.

"మాసి అమావాస్యకు వస్తారు సార్" అన్నాను.

"అంతదాకా లేనివాళ్ళను ఉన్నట్టు చూపిస్తారా?"

పట్టీ ఆయన ముందు పరిచాను. అయిదు పేర్లకూ ఎదురుగా, ప్రతి రోజుకూ, నా చేత్తో వేసిన గైర్హాజరు గుర్తులు ఉన్నాయి, ఒక్క రోజు తప్పకుండా. "చూసుకోండి సార్. రాలేదని రోజూ రాస్తూనే ఉన్నాను, ఇంకా రాస్తాను" అన్నాను. "లేరని మాత్రం రాయను." ఆయన కలం ఆయన జేబులోనే పెట్టాను.